ఫ్లో సైటోమెట్రీ ఒకసారి అయింది కదా, కణం లోపల మళ్ళీ ఏం చూస్తారు?

ప్రశ్న: మా అక్క కొడుకుకు 16 ఏళ్ళు. మూడు వారాలుగా జ్వరం, నీరసం, మెడలో గడ్డలు ఉంటే పరీక్షలు చేయించాం. ఎముక మజ్జ తీసి చూసి అక్యూట్ లుకేమియా అన్నారు. ఫ్లో సైటోమెట్రీ (కణాల మీది ప్రోటీన్లను గుర్తించే పరీక్ష) నివేదికలో బ్లాస్టులు (ఎదగని కణాలు) 72 శాతం ఉన్నాయనీ, వాటిపై సీడీ34, సీడీ7, హెచ్ఎల్ఏ-డీఆర్, సీడీ33 పాజిటివ్ అనీ, సీడీ5 బలహీనంగా ఉందనీ, సర్ఫేస్ సీడీ3, సీడీ19 నెగటివ్ అనీ రాశారు. చివర్లో 'వంశ నిర్ధారణకు సైటోప్లాస్మిక్ మార్కర్లు అవసరం' అని, అంటే కణం లోపలి గుర్తులు చూడాలని, ఒక వాక్యం ఉంది. డాక్టరు గారు ఆ పరీక్షకు మళ్ళీ డబ్బు కట్టమన్నారు. సీడీ33 పాజిటివ్ అంటే మైలాయిడ్ లుకేమియా అని అంతర్జాలంలో చదివాను. అలాంటప్పుడు ఈ రెండో పరీక్ష నిజంగా అవసరమా? పిల్లవాడికి మళ్ళీ మజ్జ తీయాలా? కణాన్ని పగలగొట్టకుండా లోపల ఏముందో ఎలా చూస్తారు? అంతవరకూ వైద్యం ఆపడం ప్రమాదం కాదా? (ఒక జూనియర్ కళాశాల అధ్యాపకులు, ఒంగోలు)

సమాధానం: మాస్టారూ, మీరు అడిగిన నాలుగింటిలో మొదటిదానికి ముందుగా జవాబు చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. ఆ పరీక్ష చేయించండి. అది చేసిన పరీక్షనే మళ్ళీ చేయడం కాదు, మొదటి పరీక్షలో సగం వరకే నడిచిన పనిని పూర్తి చేయడం. చాలా ప్రయోగశాలలు పైనా లోపలా ఒకేసారి చూసి ఒకే నివేదిక ఇస్తాయి. మీరు వెళ్ళినచోట ముందు కణాల ఉపరితలం చూసి, అది తేలకపోతేనే లోపలికి వెళ్ళే పద్ధతి పాటించినట్టుంది. ఆ పద్ధతిలో కొందరికి ఖర్చు తగ్గుతుంది, మీలాంటి వారికి మాత్రం రెండోసారి రసీదు చూసి అనుమానం కలుగుతుంది. అనుమానం సహజమే, కానీ మీ పిల్లవాడి నివేదికలో మీరు రాసిన ఆ ఏడు మార్కర్లను చూస్తే, వాటితో ఏ నిపుణుడూ సంతకం పెట్టి ఇది ఫలానా లుకేమియా అని చెప్పలేడు.

ఎందుకు చెప్పలేడో చూడండి. సీడీ33 ప్రధానంగా మైలాయిడ్ కణాల మీద, అంటే న్యూట్రోఫిల్స్ వంటి తెల్లకణాలు పుట్టే వంశం మీద, ఉండే గుర్తు, మీరు చదివింది అంతవరకు నిజమే. అయితే లుకేమియా కణం క్రమశిక్షణ తప్పిన కణం. టీ-కణాలు, బీ-కణాలు వచ్చే లింఫాయిడ్ వంశంలో పుట్టిన లుకేమియా కణాల మీద కూడా సీడీ33, సీడీ13 తరచుగా కనబడుతూనే ఉంటాయి. అటువైపు సీడీ7 టీ-కణాల గుర్తు (సీడీ5 కూడా అంతే, సీడీ19 బీ-కణాలది), కానీ మైలాయిడ్ లుకేమియాల్లో కొన్నింటి మీద అదీ ఉంటుంది. సీడీ34, హెచ్ఎల్ఏ-డీఆర్ అనేవి ఈ కణం ఇంకా పసిది అని మాత్రమే చెబుతాయి, ఎవరి ఇంటి బిడ్డో చెప్పవు. కనుక ఈ నివేదిక రెండు దారులను తెరిచి పెట్టింది. ఒకటి, ఎదుగుదల మొదట్లోనే ఆగిపోయిన మైలాయిడ్ లుకేమియా. రెండోది, టీ-కణాల తొలిదశలో పుట్టిన లింఫోబ్లాస్టిక్ లుకేమియా. సీడీ33 ఒక్కదాన్ని పట్టుకుని మొదటి దారిలో వెళ్ళిపోతే తప్పు మందులు మొదలయ్యే అవకాశం తక్కువేమీ కాదు.

మీ కళాశాలలో జూన్ నెలలో కొత్తగా చేరిన పిల్లవాడికి ఇంకా యూనిఫాం కుట్టించి ఉండరు. వాడు ఎంపీసీనా, బైపీసీనా అన్నది చొక్కా చూసి తెలియదు, సంచి తెరిచి పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. బ్లాస్టు అంటే అలా అప్పుడే చేరిన కణం. అది పెద్దయ్యాక వేసుకోవలసిన చిహ్నాన్ని పైన ఇంకా ధరించలేదు, లోపల మాత్రం తయారు చేసుకోవడం మొదలుపెట్టింది.

టీ-కణాన్ని తీసుకుంటే ఇది మరింత స్పష్టమవుతుంది. సీడీ3 అనేది ఒక్క ప్రోటీన్ కాదు, కొన్ని గొలుసుల కూటమి. ఎప్సిలాన్ అనే గొలుసును కణం చాలా ముందుగానే తయారు చేస్తుంది. అది ఉపరితలానికి రావాలంటే టీ-కణ గ్రాహకంలోని మిగతా గొలుసులన్నీ సిద్ధమై, ఒకదానితో ఒకటి సరిగ్గా కూడుకోవాలి, కూడుకోని అరకొర ముక్కలను కణం బయటకు పంపదు, తన లోపలి గదుల్లోనే ఆపేస్తుంది. అందుకే తొలిదశ టీ-కణంలో సీడీ3 లోపల దండిగా ఉండి, పైన శూన్యంగా ఉంటుంది. మీ పిల్లవాడి నివేదికలో 'సర్ఫేస్ సీడీ3 నెగటివ్' అన్నది ఇది టీ-కణం కాదని చెప్పే మాట కాదు, టీ-కణం అయితే చాలా చిన్నదని చెప్పే మాట. బీ-కణాల్లో సీడీ79ఏ, సీడీ22 కూడా ఇలాగే ముందు లోపల, తర్వాత పైన కనబడతాయి.

మైలాయిడ్ వైపు తీర్పు చెప్పే పదార్థం మైలోపెరాక్సిడేజ్, నివేదికల్లో ఎంపీఓ అని రాస్తారు. ఇది కణం మీద ఏ దశలోనూ ఉండదు. న్యూట్రోఫిల్ వంశపు కణాల లోపలి చిన్నచిన్న కణికల్లో నిల్వ ఉండే ఎంజైము ఇది. పుండు చీములో అప్పుడప్పుడు కనబడే ఆకుపచ్చ ఛాయ దీని రంగే. ఉపరితలం మీద ఎంత వెతికినా ఇది దొరకదు కాబట్టి, లోపలికి వెళ్ళకుండా మైలాయిడ్ అవునా కాదా అని గట్టిగా చెప్పడం కష్టం. నాలుగోది టీడీటీ. ఇది కేంద్రకంలో ఉంటుంది, లింఫాయిడ్ కణాలు తమ గ్రాహకాల జన్యువులను ముక్కలు అతికించి తయారు చేసుకునేటప్పుడు ఆ అతుకుల దగ్గర కొత్త అక్షరాలు చేర్చే ఎంజైము. అపరిపక్వతకు ఇది మంచి సాక్ష్యం. వంశానికి మాత్రం ఒంటరి సాక్ష్యంగా పనికిరాదు, ఎందుకంటే కొన్ని మైలాయిడ్ లుకేమియాల్లోనూ ఇది కనబడుతుంది.

ఇక కణాన్ని పగలగొట్టకుండా లోపల ఎలా చూస్తారన్న మీ ప్రశ్న. నాకు ఇష్టమైన భాగం ఇదే కనుక కొంచెం విస్తరిస్తే మన్నించండి.

ఫ్లో సైటోమీటర్ చేసే పని చెప్పడానికి సులభమే. ద్రవంలో తేలుతున్న కణాలను సన్నని ధారలో ఒకదాని వెనుక ఒకటిగా నడిపించి, ప్రతి కణాన్నీ లేజర్ కాంతి గుండా పోనిస్తుంది. కణం ముందువైపుకు చెదరగొట్టిన కాంతి దాని పరిమాణాన్నీ, పక్కకు చెదరగొట్టిన కాంతి లోపల కణికలు ఎంత ఉన్నాయన్నదాన్నీ సూచిస్తాయి. దీనికి తోడు, ఒక్కొక్క ప్రోటీన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలకు వెలుగునిచ్చే రంగులు అతికించి ముందే కణాలతో కలిపి ఉంచుతారు. ఆ ప్రోటీన్ ఉన్న కణం లేజర్ ముందుకు రాగానే ఆ రంగులో మెరుస్తుంది. ఇలా సెకనుకు వేల కణాలను లెక్కించవచ్చు. కావలసిన ప్రోటీన్‌కు కావలసిన యాంటీబాడీని అంతులేకుండా తయారు చేసుకునే మార్గాన్ని కోలర్, మిల్‌స్టీన్ 1975లో చూపించారు, 1984లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. మీ నివేదికలో ప్రతి మార్కరు ముందూ ఉన్న 'సీడీ' అన్న పేరు, వివిధ ప్రయోగశాలలు ఒకే ప్రోటీన్‌కు పెట్టుకున్న రకరకాల పేర్లను ఒక క్రమంలో పెట్టడానికి 1982లో పారిస్‌లో జరిగిన సమావేశంతో మొదలైంది.

చిక్కు ఏమిటంటే, యాంటీబాడీ పెద్ద అణువు. బతికున్న కణపు పొరను దాటి అది లోపలికి పోలేదు. అందుకని రెండు పనులు చేస్తారు. మొదటిది కణాన్ని ఉన్నది ఉన్నట్టుగా స్థిరపరచడం. కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో గాజు సీసాల్లో కప్పలను ఉంచే ఫార్మలిన్ మీకు గుర్తుండే ఉంటుంది. అదే ఫార్మాల్డిహైడ్‌ను పలుచగా వాడి కణంలోని ప్రోటీన్లను ఒకదానికొకటి కట్టేస్తారు, లేకపోతే తలుపు తీయగానే లోపలి సరుకు బయటకు కారిపోతుంది. రెండోది పొరకు రంధ్రాలు చేయడం. దీనికి ఎక్కువగా వాడేది సపోనిన్. మన కుంకుడుకాయ నురుగుకు కారణమైన పదార్థాలు కూడా ఈ కుటుంబానికి చెందినవే, కాకపోతే ప్రయోగశాలలో వాడే సపోనిన్‌ను దక్షిణ అమెరికాలో పెరిగే ఒక చెట్టు బెరడు నుంచి తీస్తారు. సపోనిన్ కణపు పొరలోని కొలెస్టరాల్‌ను పట్టుకుని అక్కడ సందులు కలిగిస్తుంది, ఆ సందుల్లోంచి యాంటీబాడీ లోపలికి వెళ్ళి తన ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. దీనికొక స్వభావం ఉంది. సపోనిన్‌ను కడిగేస్తే సందులు మళ్ళీ మూసుకుంటాయి. అందుచేత యాంటీబాడీ కలిపేటప్పుడూ, తర్వాత మిగులును కడిగేటప్పుడూ కూడా ఆ ద్రావణంలో సపోనిన్ ఉండి తీరాలి. మామూలు నీటి ద్రావణంతో కడిగితే అతుక్కోని యాంటీబాడీ లోపలే చిక్కుకుపోయి, లేని ప్రోటీన్ ఉన్నట్టు మెరుస్తుంది.

బల్ల దగ్గర నిలబడి చూస్తే ఈ పని ఇలా ఉంటుంది. ముందు ఉపరితలపు యాంటీబాడీలు వేసి, చీకట్లో పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి, ఎర్రకణాలను కరిగించి కడుగుతారు. ఫార్మాల్డిహైడ్ తగిలాక ఉపరితలపు ప్రోటీన్లలో కొన్ని రూపం మారి యాంటీబాడీకి చిక్కవు కాబట్టి పైపని ముందే ముగియాలి. ఆ తర్వాతే స్థిరపరచడం, రంధ్రాలు చేయడం, లోపలి యాంటీబాడీలు వేయడం, మళ్ళీ కడగడం. ఒక్కొక్కసారి కడిగాక గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కణాలన్నీ అడుగున చిన్న చుక్కలా చేరతాయి. ఫార్మాల్డిహైడ్, సపోనిన్ చూసిన కణాలు తేలికవుతాయి, చుక్క పలచబడి కంటికి దాదాపు ఆనదు. వేగం కొంచెం పెంచి తిప్పాలి, పైద్రవాన్ని వంపేటప్పుడు చేయి తేలికగా ఉండాలి. కొత్తగా చేరిన టెక్నీషియన్ తొందరలో గొట్టాన్ని ఒక్కసారిగా ఒంపేస్తే, పిల్లవాడి మజ్జలోంచి తెచ్చిన కణాలు సింకులో కలిసిపోతాయి. ఇంత పని కనుకే లోపలి మార్కర్లకు ఖర్చు ఎక్కువ, ఉపరితలపు పరీక్ష కంటే కొన్ని గంటలు అదనంగా పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ పరీక్ష ఫలితాన్ని నమ్మాలా వద్దా అన్నది ఎలా తెలుస్తుంది? దీనికి జవాబు బయట ఎక్కడో లేదు, పిల్లవాడి గొట్టంలోనే ఉంది. మజ్జలో 72 శాతం బ్లాస్టులు ఉంటే మిగిలిన 28 శాతంలో ఆరోగ్యంగా ఉన్న న్యూట్రోఫిల్స్, టీ-కణాలు, బీ-కణాలు కొన్నయినా ఉంటాయి. న్యూట్రోఫిల్స్‌లో ఎంపీఓ ఉండి తీరాలి, లింఫోసైట్లలో (టీ, బీ కణాల్లో) ఉండకూడదు. పెద్దయిన టీ-కణాల్లో సీడీ3 గట్టిగా ఉండాలి, న్యూట్రోఫిల్స్‌లో ఉండకూడదు. అంటే ఒకే గొట్టంలో, ఒకే ద్రావణంలో మునిగిన కణాలే ఒకదానికి అవును అనీ ఇంకొకదానికి కాదు అనీ సాక్ష్యం చెబుతాయి. ఆ రెండు సాక్ష్యాల మధ్య బ్లాస్టులు ఎక్కడ నిలిచాయో చూసి తీర్పు రాస్తాం. ముందుగా తెల్లకణాల గుర్తయిన సీడీ45 ఎంత మెరుస్తోందో, పక్కకు కాంతి ఎంత చెదిరిందో చూసి చిత్రంలో బ్లాస్టుల గుంపును విడదీసుకుంటాం. ఆరోగ్యవంతమైన లింఫోసైట్లు సీడీ45లో ప్రకాశంగా ఒక మూల, న్యూట్రోఫిల్స్ ఎత్తుగా ఇంకోచోట, బ్లాస్టులు వెలుగు తగ్గి ఎడమవైపు కింద గుమిగూడి ఉంటాయి.

ఈ సాక్షులను పట్టించుకోకపోతే ఏమవుతుందో నా ఉద్యోగంలో ఒకసారి చూశాను. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో ఒక యువతి మజ్జ నమూనా వచ్చింది. సహాయ వైద్యుడు నివేదిక ముసాయిదా తెచ్చి, ఎంపీఓ నెగటివ్, మైలాయిడ్ కాదు అన్నాడు. న్యూట్రోఫిల్స్ ఎక్కడున్నాయో చూపించమన్నాను. తెరమీద ఆ గుంపును విడదీసి చూస్తే అవి కూడా నెగటివ్‌గానే ఉన్నాయి. న్యూట్రోఫిల్‌లో ఎంపీఓ లేకపోవడం దాదాపు జరగని సంగతి కాబట్టి, లోపలికి యాంటీబాడీయే వెళ్ళలేదని అర్థమైంది. విచారిస్తే, ఆ గొట్టంలో రంధ్రాలు చేసే ద్రావణం పోయడం మరిచిపోయారు. మిగిలిన నమూనాతో మళ్ళీ చేస్తే బ్లాస్టులు ఎంపీఓతో దేదీప్యంగా వెలిగాయి. ముసాయిదా అలాగే వెళ్ళిపోయి ఉంటే ఆమెకు ఇంకో జబ్బు మందులు మొదలయ్యేవి. అప్పటినుంచి సాక్షికణాల సంగతి రాయని నివేదిక మీద నేను సంతకం పెట్టలేదు.

దీనికి తలకిందుల పొరపాటు కూడా ఉంది. మే నెలలో ఏదో ఊరి నుంచి బస్సు పార్సిల్‌లో రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చిన గొట్టంలో సగం కణాలు చచ్చిపోయి ఉంటాయి. చచ్చిన కణం ఏ యాంటీబాడీ వేసినా పీల్చేస్తుంది, అన్ని మార్కర్లలోనూ మెరుస్తుంది. ఎంపీఓ, సీడీ3, సీడీ79ఏ మూడూ పాజిటివ్ అని వచ్చే విచిత్ర నివేదికల్లో కొన్ని నిజంగా మిశ్రమ లుకేమియాలు (ఒకటికి మించిన వంశాల గుణాలున్నవి), మరికొన్ని ఇలా ఎండదెబ్బ తిన్న నమూనాలు. స్థిరపరచడానికి ముందే చచ్చిన కణాలకు పట్టే ప్రత్యేకమైన రంగు వేసి వాటిని లెక్కలోంచి తీసేయడం మంచి పద్ధతి. అంతకంటే మంచి పద్ధతి నమూనాను వేగంగా చేర్చడం. మజ్జ తీసిన 24 గంటల్లో పరీక్ష మొదలైతే నిశ్చింత, 48 గంటల వరకు సాధారణంగా పని నడుస్తుంది, గొట్టాన్ని ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించకూడదు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మొదటి నమూనాలో మిగులు ఉండి, పై గడువు దాటకపోతే మళ్ళీ మజ్జ తీయనవసరం లేదు. ఈ రోజే ప్రయోగశాలకు ఫోన్ చేసి, ఎంత మిగిలిందో, ఏ గంటకు తీసిందో అడగండి. గడువు దాటిందనుకోండి, పిల్లవాడి రక్తంలోనే బ్లాస్టులు తిరుగుతున్నాయేమో స్మియర్ (గాజు పలక మీద పూసిన రక్తం) చూసి చెప్పమనండి. రక్తంలో తగినన్ని ఉంటే చేతి నరం నుంచి ఈడీటీఏ గొట్టంలోకి (రక్తం గడ్డకట్టకుండా మందు వేసిన గొట్టం) తీసిన రక్తం సరిపోతుంది. రెండూ కుదరకపోతే మజ్జ ముక్క బయాప్సీ మీద ఇవే ప్రోటీన్లకు రంగులు వేసి సూక్ష్మదర్శినిలో చూసే మార్గం ఉంటుంది.

నివేదిక వచ్చాక అందులో కొన్ని అంకెలు కనబడతాయి. 1995లో ఒక యూరోపియన్ బృందం ఉపరితలపు మార్కర్లకు 20 శాతం, ఎంపీఓ, లోపలి సీడీ3, సీడీ79ఏ, టీడీటీలకు 10 శాతం బ్లాస్టులు మెరిస్తే పాజిటివ్ అనాలని ఒక గీత గీసింది. చాలా ప్రయోగశాలలు ఇప్పటికీ దాన్నే వాడుతున్నాయి. నా అభిప్రాయంలో శాతం కంటే వెలుగు తీవ్రతే ముఖ్యం. 2022 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ మిశ్రమ లుకేమియా అనడానికి పెట్టిన షరతు కూడా అటువైపే మొగ్గింది. బ్లాస్టుల్లో కొన్నింటిలోనైనా ఎంపీఓ వెలుగు ఆరోగ్యవంతమైన న్యూట్రోఫిల్ వెలుగులో సగాన్ని దాటాలి, సీడీ3 వెలుగు పెద్ద టీ-కణం వెలుగులో సగాన్ని దాటాలి. అంటే నేను పైన చెప్పిన సాక్షికణాలే ఇప్పుడు కొలబద్దలయ్యాయి. స్లైడు మీద రంగు వేసి ఎంపీఓ చూసే పాత పద్ధతిలో 3 శాతం బ్లాస్టులు పడితే చాలు. రెండు పద్ధతుల అంకెలను కలిపి చదివి కంగారు పడకండి.

మీ పిల్లవాడి విషయంలో జరగగలిగినవి ఇవి. లోపలి సీడీ3 గట్టిగా ఉండి ఎంపీఓ లేకపోతే అది టీ-లింఫోబ్లాస్టిక్ లుకేమియా. అందులోనూ టీ-కణాల గుర్తులైన సీడీ1ఏ, సీడీ8 లేకుండా, సీడీ5 బలహీనంగా ఉండి, సీడీ34, సీడీ33 వంటివి తోడుంటే దాన్ని 'ఎర్లీ టీ-ప్రికర్సర్' రకం అంటారు. మీరు రాసిన ఉపరితలపు చిత్రం దీనికి దగ్గరగా ఉంది, అయినా లోపలి ఫలితం రాకుండా నేను ఆ పేరు పెట్టను. అంతర్జాలంలో దీని గురించి భయంకరంగా రాసినవి కనబడవచ్చు. 2009లో దీన్ని మొదట వేరుచేసి చెప్పినప్పుడు ఫలితాలు నిజంగానే బాగులేవు. తర్వాతి కాలంలో, మిగిలిన జబ్బును కొలుస్తూ మందుల తీవ్రతను మార్చే పద్ధతుల్లో వైద్యం అందుకున్న పిల్లల్లో పరిస్థితి చాలా మెరుగుపడింది. ఎంపీఓ గట్టిగా ఉండి సీడీ3 లేకపోతే సీడీ7 తోడున్న మైలాయిడ్ లుకేమియా. రెండూ గట్టిగా ఉంటే మిశ్రమ లుకేమియా. ఏదీ లేకపోతే సీడీ79ఏ, సీడీ22 చూస్తారు, ఆ తర్వాత ప్లేట్‌లెట్ వంశపు సీడీ41, సీడీ61 చూస్తారు. ఈ చివరి రెండింటిని కూడా లోపలే చూడడం మేలు. బ్లాస్టుల ఉపరితలానికి మామూలు ప్లేట్‌లెట్లు అతుక్కుని దొంగ పాజిటివ్ ఇవ్వడం తరచూ జరుగుతుంది.

ఈ పేర్ల తేడా కాగితం మీది తేడా కాదు. లింఫోబ్లాస్టిక్ రకానికి విన్‌క్రిస్టీన్, స్టెరాయిడ్, ఆస్పరాజినేజ్, వెన్నులోకి ఇంజెక్షన్లు, ఆ తర్వాత మాత్రలతో కలిపి రెండేళ్ళకు పైగా సాగే వైద్యం. అందులో ఒక స్తంభం మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధన బృందం అమెరికాలో తయారు చేసిన మందు అది. మైలాయిడ్ రకానికి సైటరబిన్, డానోరూబిసిన్ వంటి మందులతో కొన్ని నెలలు సాగే, ఒక్కొక్క విడతా చాలా తీవ్రంగా ఉండే వైద్యం. ఒకదాని మందులు రెండోదానికి సరిగా పనిచేయవు, తప్పుగా మొదలైతే పోయేది డబ్బు ఒక్కటే కాదు, మందుకు బాగా లొంగే తొలి వారాలు కూడా.

వేచి ఉండడం ప్రమాదమా అన్నారు. లోపలి మార్కర్ల ఫలితం నమూనా అందిన ఒకటి రెండు రోజుల్లో సాధారణంగా వచ్చేస్తుంది. ఆ వ్యవధిలో వైద్యం ఆగిపోదు. సెలైన్, యూరిక్ ఆమ్లం పెరగకుండా మందులు, జ్వరానికి యాంటీబయాటిక్స్, అవసరమైతే రక్తం, ప్లేట్‌లెట్లు ఇవన్నీ నడుస్తూనే ఉంటాయి. తెల్లకణాలు మరీ ఎక్కువై రక్తం చిక్కబడినా, ఛాతీలో గడ్డ వల్ల పిల్లవాడు వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందకపోయినా డాక్టరు గారు ఎదురుచూడకుండా మొదలుపెడతారు, అప్పుడు మీరు నివేదిక రాలేదని అడ్డుపడకండి. మైలాయిడ్ లుకేమియాల్లో ఒకటైన ప్రోమైలోసైటిక్ రకమనే అనుమానం వస్తే ఒక్క గంట కూడా ఆగరు. మీ పిల్లవాడికి సీడీ34, హెచ్ఎల్ఏ-డీఆర్ రెండూ ఉన్నాయి కాబట్టి ఆ రకం అయ్యే అవకాశం బాగా తక్కువ.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. మెడలో గడ్డలు, జ్వరం చూసి ఊళ్ళో ఎవరైనా డెక్సామెథసోన్ ఇంజెక్షన్ చేశారా, ప్రెడ్నిసోలోన్ మాత్రలు ఇచ్చారా అని అక్కగారిని విడిగా కూర్చోబెట్టి అడగండి. ఇచ్చి ఉంటే దాచకుండా డాక్టరుకు తారీఖులతో చెప్పండి. లింఫాయిడ్ బ్లాస్టులు స్టెరాయిడ్‌కు త్వరగా కరుగుతాయి, జబ్బు తగ్గినట్టు కనబడి పరీక్షలు తారుమారవుతాయి. నమూనాలన్నీ తీసేదాకా డాక్టరు చెప్పకుండా ఇంకెవరి చేతా ఇప్పించకండి.

ఖర్చు సంగతి. మీరు చేరిన ఆసుపత్రి ఎన్టీఆర్ వైద్య సేవ జాబితాలో ఉంటే అక్కడ ఆ పథకం సహాయకులను కలిసి, ఈ నిర్ధారణ పరీక్ష ప్యాకేజీలో వస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. డబ్బు కట్టే ముందు మొత్తం ఎన్ని మార్కర్లు చూస్తారో అడగండి. కనీసం ఎంపీఓ, లోపలి సీడీ3, సీడీ79ఏ, టీడీటీ నాలుగూ ఉండాలి, మీ పిల్లవాడి విషయంలో సీడీ1ఏ, సీడీ8 కూడా చూడమనండి.

ఫలితాల కాగితంతో పాటు రంగుల చుక్కల చిత్రాలు కూడా ముద్రించి ఇవ్వమనండి, వీలైతే యంత్రంలోని మూల ఫైలును పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. నెల తర్వాత పదివేల కణాల్లో ఒక్కటి మిగిలి ఉన్నా పట్టుకునే పరీక్ష చేస్తారు. ఈ రోజు పిల్లవాడి బ్లాస్టులు ఏ వేషంలో ఉన్నాయో రికార్డు ఉంటేనే ఆ ఒక్కదాన్ని గుర్తుపట్టడం సులువు. రెండో అభిప్రాయానికి వెళ్ళినా ఈ చిత్రాలు, స్లైడ్లు తీసుకెళితే మళ్ళీ మజ్జ తీయకుండానే వారు మాట్లాడగలరు.

నివేదిక చేతికి వచ్చాక ముందు చివరి పేరాకు వెళ్ళకండి. ఎంపీఓ వరుసలో న్యూట్రోఫిల్స్ గురించి, సీడీ3 వరుసలో మామూలు టీ-కణాల గురించి ఒక మాట ఉందేమో చూడండి. లేకపోతే సంతకం పెట్టిన డాక్టరు గారికి ఫోన్ చేసి, 'ఎంపీఓ గొట్టంలో న్యూట్రోఫిల్స్ పాజిటివ్‌గా వచ్చాయా అండీ' అని అడగండి. ఈ పని చేసేవాళ్ళలో ఆ ప్రశ్నకు నొచ్చుకునేవారు బహు తక్కువ. నాలాంటి వాళ్ళయితే కుర్చీ లాగి కూర్చోమని తెరమీద చూపించి మరీ చెబుతారు.